అనంతపురం నుంచి పశ్చిమ ఆఫ్రికాకు: లోమే మీదుగా ప్రయాణం కుదుర్చుకునే పద్ధతి

అనంతపురం నుంచి సెనెగల్‌లోని డాకర్‌కో, ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌కో ఉద్యోగానికి వెళ్లేవారు టికెట్ కొనేముందు ఆస్కీ ఎయిర్‌లైన్స్ పనిచేసే తీరును తెలుసుకోవాలి. 2010 జనవరిలో విమానాలు నడపడం మొదలుపెట్టిన ఈ సంస్థ, టోగో రాజధాని లోమేను కేంద్రంగా చేసుకొని, ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ భాగస్వామ్యంతో పెరిగింది. వేర్వేరు నగరాల ప్రయాణికులను లోమేకు చేర్చి, అక్కడ విమానం మార్పించి గమ్యాలకు పంపడమే దాని పద్ధతి. పొరుగు దేశానికి వెళ్లడానికి సైతం కొన్నిసార్లు యూరప్ చుట్టి రావలసి వచ్చే ప్రాంతానికి ఇది ఎంతో మేలు చేసిందని నా నమ్మకం.

ఈ పద్ధతిలో ఒక విమానం ఆలస్యమైతే తర్వాతిది తప్పిపోవచ్చు. అందుకే బెంగళూరు, అడిస్ అబాబా (ఇథియోపియా రాజధాని), లోమే, ఆపై గమ్యం, అన్నీ ఒకే టికెట్‌పై ఉండేలా కొనండి. విడివిడిగా కొంటే, తప్పిపోయిన విమానం ఖర్చు సాధారణంగా మీపైనే పడుతుంది. కౌంటర్‌లో సామాను ట్యాగుపై చివరి ఊరి పేరు ఉందో లేదో స్వయంగా చూసుకోండి. చిన్న విమానాల్లో చోటు తక్కువ కాబట్టి చేతిసంచిని తేలికగా ఉంచండి, ఊరగాయలను పెద్ద పెట్టెలోనే సర్దండి.

టోగోకు ఎల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరి. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుబాటవుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. తిరుగు ప్రయాణంలో ఆ పత్రం లేకపోతే మన దేశంలో 6 రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు కనుక, దాన్ని పాస్‌పోర్టుతోపాటే భద్రపరచండి.