ఇంట్లోనే కారు ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవడం ఎలా?

బ్రేక్ నొక్కినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర కీచుమని సన్నటి సౌండ్ వస్తోందా, అయితే ప్యాడ్లు అరిగిపోయాయేమో చూడాల్సిందే. చాలా ప్యాడ్లకి ఓ చిన్న ఇనప రేకు ఉంటుంది, మందం బాగా తగ్గాక అది డిస్కుకి, అంటే చక్రంతోపాటు తిరిగే ఇనప పళ్లానికి తగిలి అరుస్తుంది, కావాలని పెట్టిందే అది. ఆ కీచు కాస్తా గరగరగా మారిందంటే ఇనుమే ఇనుముని గీకుతోందన్నమాట, ఇక ఆ బండి రోడ్డెక్కించకండి. ఇంకో గుర్తు బ్రేక్ ఆయిల్ డబ్బాలో లెవెల్ తగ్గడం. ప్యాడ్ అరిగేకొద్దీ దాన్ని డిస్కుకి నొక్కే పిస్టన్ బయటికి జరుగుతుంది, ఆయిల్ దాని వెనక చేరుతుంది, అందుకే లెవెల్ తగ్గగానే పైన పోసేయకుండా ముందు ప్యాడ్లు చూడండి, ఎక్కడైనా లీకుందేమో కూడా చూడండి.

మాది పాత స్విఫ్ట్, ముందు డిస్కులు వెనక డ్రమ్ములు, మన దగ్గర చిన్న ఫ్యామిలీ కార్లు చాలావరకు ఇంతే, కాబట్టి చెప్పేదంతా ముందు చక్రాల గురించే. వెనక కూడా డిస్కులుండి బటన్ నొక్కితే పడే హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లయితే వెనక వాటి జోలికి పోకండి, చాలావాటికి స్కానర్ అనే కంప్యూటర్ పరికరం పెట్టి హ్యాండ్ బ్రేక్ మోటారుని వెనక్కి తిప్పాల్సి ఉంటుంది.

ప్యాడ్లు కొనేటప్పుడు మోడల్, సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నీ చెప్పండి. డబ్బాలో నాలుగు వస్తాయి, రెండు చక్రాలకీ కలిపి. ఒక పక్కే మార్చి డబ్బులు మిగిలాయి అనుకోవద్దు, బ్రేక్ వేస్తే బండి ఓ పక్కకి లాగుతుంది. వీటితోపాటు జాకీ, వీల్ పానా, యాక్సిల్ స్టాండు (లేపిన బండిని మోసే ఇనప స్టాండు), స్పానర్ల సెట్టు, సీ క్లాంపు (C ఆకారంలో ఉండే మరతో బిగించే పనిముట్టు), వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్ స్ప్రే, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు, కాస్త కట్టు తీగ, గ్లౌజులు, మాస్కు దగ్గర పెట్టుకోండి.

బండిని చదునుగా ఉన్న గట్టి నేల మీద పెట్టి, గేర్లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేసి ఆ తర్వాతే జాకీ ఎత్తండి, లేపాక బలంగా లాగితే బండి ఊగుతుంది. లేపగానే యాక్సిల్ స్టాండు పెట్టండి, ఊడదీసిన చక్రాన్ని కూడా బండి కిందకి తోసేయండి. ఉత్త జాకీ మీద నిలబడ్డ బండి కింద చెయ్యి కూడా పెట్టొద్దు, స్టాండ్లు లేకపోతే ఈ పని వాయిదా వేసుకోండి, నిజంగా చెప్తున్నా. ఒక పక్క మొత్తం పూర్తయ్యాకే రెండో పక్క విప్పండి, ఏది ఎలా ఉండాలో అనుమానమొస్తే చూసుకోవడానికి అదొకటి ఉంటుంది.

డిస్కుని రెండు పక్కలా పట్టుకుని, ప్యాడ్లనీ పిస్టన్‌నీ లోపల పెట్టుకుని ఉండే ఇనప దిమ్మే కాలిపర్, దాని వెనక పైనా కిందా రెండు బోల్టులుంటాయి. కింది బోల్టు తీస్తే చాలా కార్లలో కాలిపర్ తలుపులా పైకి లేస్తుంది. లేకపోతే రెండూ తీసి కాలిపర్‌ని కట్టు తీగతో చక్రం వెనకున్న సస్పెన్షన్ స్ప్రింగుకి వేలాడదీయండి, బ్రేక్ ఆయిల్ వచ్చే రబ్బరు గొట్టం మీద దాని బరువు అస్సలు పడకూడదు. పాత ప్యాడ్లు లాగేయండి. లోపలిదేదో బయటిదేదో గుర్తుపెట్టుకోండి, ఇనప రేకున్నది ఏ వైపుందో ఫోన్లో ఓ ఫొటో తీస్తే సరిపోతుంది. దుమ్ముని గాలితో ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, స్ప్రే కొట్టి తడి గుడ్డతో తుడవండి.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది వదిలేసేది ఇక్కడే. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి రెండు పిన్నులుంటాయి, రబ్బరు తొడుగుల్లో. అవి ఎండిపోయి పట్టేస్తే కాలిపర్ జరగదు, అప్పుడు పిస్టన్ వైపు ప్యాడే మొత్తం పని చేసి త్వరగా అరిగిపోతుంది. మా బండికి ఒకసారి షెడ్డులో ప్యాడ్లు మార్పించాం, తర్వాత నేను విప్పి చూస్తే ఎడమ పక్క లోపలిది రేకు దాకా వచ్చేసింది, బయటిది సగం కూడా అరగలేదు, పిన్ను చేత్తో లాగితే కదలనే లేదు. అప్పట్నుంచి నేనే చేసుకుంటున్నా. పిన్నులు బయటికి లాగి పాత గ్రీజు శుభ్రంగా తుడిచి కొత్తది పల్చగా రాయండి, పైది కిందా కిందిది పైనా పెట్టకండి, రెండూ ఒకలా ఉండకపోవచ్చు. ప్యాడ్లు కూర్చునే చోట తుప్పుంటే వైర్ బ్రష్‌తో గీకేయండి.

డిస్కు కూడా చూడండి. అంచు దగ్గర గట్టు బాగా ఎత్తుగా ఉన్నా, లోతు గీతలున్నా, మందం దాని మీద ముద్రించిన కనీస కొలత కంటే తగ్గినా డిస్కు కూడా మార్చాల్సిందే.

ఇప్పుడు ఆయిల్ డబ్బా మూత వదులు చేసి, పాత ప్యాడ్‌ని పిస్టన్‌కి అడ్డం పెట్టి సీ క్లాంపుతో మెల్లగా లోపలికి నొక్కండి, మధ్యమధ్యలో డబ్బా చూస్తూ ఉండండి, పొంగితే పెయింటు ఊడిపోతుంది, పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి. కొత్త ప్యాడ్లు క్లిప్పుల్లో కూర్చోబెట్టి, వాటి ముఖానికి గ్రీజు వేళ్లు తగలకుండా కాలిపర్ దించి బోల్టులు మీ కారు మాన్యువల్లో ఉన్న టార్కుకి, అంటే అందులో చెప్పినంత బిగువుకి బిగించండి. చక్రం పెట్టి, బండి దించాక నట్లు ఎదురెదురుగా బిగించండి.

రెండు పక్కలూ అయ్యాక బండి కదిలించకముందే బ్రేక్ పెడల్ గట్టిపడే దాకా చాలాసార్లు తొక్కండి. పిస్టన్ లోపలికి నెట్టేశాం కదా, మొదటి తొక్కుకి పెడల్ నేలకి అంటుకుంటుంది, బ్రేకే పడదు, ఇది మర్చిపోయి రివర్స్ వేస్తే నేరుగా గోడకే. ఎన్నిసార్లు తొక్కినా మెత్తగానే ఉంటే ఆయిల్ పైపుల్లో గాలి చేరిందనుకోవాలి, మెకానిక్‌ని ఇంటికే పిలవండి. ఆయిల్ లెవెల్ చూసి మూత బిగించండి.

కొత్త ప్యాడ్లు డిస్కుకి సర్దుకోవడానికి ఖాళీ రోడ్డు మీద 50 స్పీడు నుంచి 10కి మెల్లగా తగ్గిస్తూ ఎనిమిది పదిసార్లు చేయండి, మధ్యలో చల్లారనిస్తూ, పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోకుండా. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టిగా బ్రేకులు వేయకండి, తిరుమల ఘాట్ లాంటి ప్రయాణాలు ఆ తర్వాతే పెట్టుకోండి. వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ ఓసారి బిగింపు చూడండి.