సొంత చెరువు కట్ట: వానలకు ముందు ఏం చూసుకోవాలి

బోటు తిప్పుకోవడానికో, చేపలు పట్టుకోవడానికో ఫామ్‌హౌస్‌లో వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసుకున్నవాళ్లు ముందుగా తమ కట్ట వెనక ఎంత నీరుందో లెక్క కట్టుకోవాలి. ఐదెకరాల్లో సగటున రెండు మీటర్ల లోతు ఉంటే అది 40 వేల ఘనపు మీటర్లు, అంటే 40 వేల టన్నుల బరువు. గండి పడితే ఆ నీరంతా కింది పొలాల మీద, వాగు ఒడ్డు ఇళ్ల మీద పడుతుంది. 2021 డ్యామ్ భద్రత చట్టం 15 మీటర్లు దాటిన డ్యాములకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. పన్నెండడుగుల కట్ట దాని కిందికి రాదు. కాబట్టి కట్టను కనిపెట్టుకుని ఉండాల్సింది యజమానే. మే నెలలో నీళ్లు అడుగంటినప్పుడు పని మొదలుపెట్టండి.

మొదట అలుగు దగ్గరికి, అంటే చెరువు నిండాక మిగులు నీరు బయటికి పొర్లిపోయే చోటికి వెళ్లండి. తెలంగాణలో చాలాచోట్ల మత్తడి అంటారు. మట్టికట్టకు ప్రాణం అదే, ఎందుకంటే కట్ట మీదుగా నీరు పొర్లితే మట్టి తట్టుకోదు. మీ చెరువులోకి వాననీరు దిగే నేల ఒక చదరపు కిలోమీటరు, అంటే దాదాపు 250 ఎకరాలు అనుకుందాం. గంటలో 10 సెంటీమీటర్ల వాన పడి అందులో సగమే పారినా సెకనుకు సుమారు 14 ఘనపు మీటర్ల నీరు వస్తుంది. అలుగు మీద అర మీటరు ఎత్తున నీరు పారుతుంటే ఒక్కో మీటరు పొడవుకు సెకనుకు 0.6 ఘనపు మీటర్లు పోతాయి. ఆ వరద పోవాలంటే 23 మీటర్ల అలుగు కావాలి. ఐదు మీటర్లే ఉంటే పోయేది మూడు ఘనపు మీటర్లు, మిగతాది చెరువులో పేరుకుంటూ కట్ట నెత్తికెక్కుతుంది. నిండు వరదలో కూడా నీటి మట్టానికీ కట్ట నెత్తికీ మధ్య కనీసం రెండడుగులు మిగలాలి. మీ నేలకు తగ్గ లెక్క ఇంజనీరుతో ఒక్కసారి వేయించుకోండి. ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

అలుగుకు వల కట్టొద్దు, ఇసుక బస్తాలు పేర్చి నీటి మట్టం పెంచొద్దు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని సౌత్ ఫోర్క్ డ్యామ్ ధనవంతుల వేట, చేపల క్లబ్బుది. 72 అడుగుల మట్టికట్ట. గుర్రబ్బండ్లు తిరగడానికి దాని నెత్తిని కొంత తగ్గించారు. చేపలు పోకుండా అలుగుకు జాలీలు బిగించారు. అడుగున నీళ్లు వదిలే గొట్టాలను అంతకుముందు యజమాని పీకి అమ్ముకుంటే క్లబ్బు మళ్లీ వేయించలేదు. 1889 మే 31న కుండపోత వానకు జాలీల నిండా చెత్త పట్టింది, నీరు కట్ట మీదుగా పొర్లింది, కట్ట తెగింది. 2,209 మంది చనిపోయారు. చేపలు పోతాయన్న బెంగ ఉంటే జూన్ లోపే పెద్దవి పట్టించేయండి.

తర్వాత కట్ట నెత్తి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో పదేసి అడుగులకు ఒకసారి మట్టం చూడండి. బండ్లు తిరిగేచోట, మట్టి కుంగినచోట పల్లం ఉంటుంది. నీరు ముందు పొర్లేది అక్కడే. ఆ పల్లాలు నింపేయండి.

కట్ట మీద గరిక తప్ప ఇంకేమీ పెరగకూడదు. వేలెడు లావు తుమ్మ మొక్కల్ని వేళ్లతో పీకేయొచ్చు. తొడ లావు చెట్టును కొట్టి మొద్దు వదిలేస్తే మాత్రం వేళ్లు కుళ్లి కట్ట లోపల గొట్టాల్లాంటి దారులు మిగులుతాయి. నీళ్లు తగ్గినప్పుడే మొద్దును వేళ్లతో సహా తవ్వించి, బంకమన్ను ఆరంగుళాల పొరలుగా పోసి ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టించాలి. మన్ను పదును ఇలా తెలుస్తుంది: గుప్పిట పట్టి నొక్కితే ముద్ద కావాలి, పొడిగా రాలకూడదు, అరచేతికి నీళ్లు అంటకూడదు. ఎలుకల, పందికొక్కుల, పీతల బొరియలకూ ఇదే పని. బొరియ నోరు మాత్రమే మూస్తే లాభం లేదు, చివరిదాకా తవ్వాలి.

వానలు మొదలయ్యాక వారానికొకసారి కట్ట బయటి పాదం, అంటే నీరు లేని వైపు కట్ట నేలను తాకే చోటు వెంట నడవండి. చెరువు అడుగు నుంచి నీళ్లు వదిలే తూము గొట్టం బయటికొచ్చేచోట ఎక్కువసేపు నిలబడి చూడండి. గొట్టం, మట్టి కలిసే సందులోనే ఊట దారి చేసుకుంటుంది. కొంచెం ఊట ఉండటం మామూలే. దాన్ని చిన్న కాలువలోకి మళ్లించి, పది లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతోందో ఆనాటి నీటి మట్టంతో పాటు పుస్తకంలో రాసుకోండి. చెరువు మట్టం పెరగకుండానే ఊట పెరిగితే అనుమానించాలి. గాజు సీసాలో ఊట నీరు పట్టి పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున మన్ను పేరిందంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. కట్టలో బుంగ, అంటే లోపల్నుంచి బయటికి రంధ్రం, పడుతోందనడానికి అదే గుర్తు.

అప్పుడు ఊట నోట్లో బంకమన్ను కుక్కొద్దు. లోపల ఒత్తిడి పెరిగి పక్కన ఇంకోచోట పగులుతుంది. నీటిని పోనివ్వాలి, మట్టిని ఆపాలి. ముందు ముతక ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపైన పెద్ద కంకర అడుగేసి మందాన పోసి చుట్టూ బస్తాలు పేర్చండి. ఇందుకోసం ఒక ట్రాక్టరు ఇసుక, ఒక ట్రాక్టరు కంకర, 200 ఖాళీ సంచులు కట్ట దగ్గర ముందే ఉంచుకోండి. చెరువు లోపలి వైపు నీరు సుడి తిరుగుతుంటే ఎవర్నీ దిగనివ్వొద్దు.

నీరు తగ్గించాలంటే తూము తెరవండి. మామూలు రోజుల్లో రోజుకు అడుగుకు మించి దించొద్దు, తడిసిన లోపలి వాలు జారిపోతుంది. బుంగలోంచి బురద నీరు ఉద్ధృతమవుతుంటే మాత్రం ఆ లెక్క పక్కన పెట్టి పూర్తిగా తెరిచేయండి. తూము తిప్పేవాళ్లు తిప్పుతుండగానే ఇంకొకరు 112కు, దిగువ ఇళ్లకు ఫోన్ చేయాలి. ఆ ఇళ్ల నంబర్లు మోటారు షెడ్డు తలుపు మీద పెయింటుతో రాయించి, ఏటా మే నెలలో ఒక్కోటీ మోగుతోందో లేదో చూసుకోండి.