బాత్రూము పగలగొట్టడం – 4వ పాఠం: దారం, గుండు, మూతలు

మూడో పాఠంలో పైపుల పటం గీయమన్నాను. గీశారు. కొందరైతే చన్నీళ్లకి నీలం, వేడినీళ్లకి ఎరుపు కూడా వేశారు. పటం ముచ్చటగానే ఉంది గానీ పనికిరాదు. కొలతలన్నీ టైలు మీంచి తీశారు. "వెనక గోడ టైలు నుంచి కమోడ్ మధ్యకి 300 మి.మీ.", "దారబందం నుంచి నేల మీది నీళ్లు దిగే నాని ట్రాప్‌కి నాలుగడుగుల రెండంగుళాలు", "నేల నుంచి మిక్సర్‌కి మూడడుగులు". ఆ టైలు వచ్చేవారం సంచిలో ఉంటుంది. నేల కూడా అంతే. చెద పట్టింది కాబట్టి దారబందం ఎలాగూ మారుస్తామని మీరే అంటున్నారు. ఇక ఆ నాలుగడుగుల రెండంగుళాల్ని ఎక్కణ్ణుంచి పట్టుకుంటారు?

తప్పులో నా వాటా కూడా ఉంది. కొలవమన్నాను గానీ, పగలని చోటు నుంచి కొలవమని చెప్పలేదు. అందుకని ఈసారి చెబుదామనుకున్న పనిముట్ల సంగతి చివరికి నెట్టేసి, ముందు ఈ కొలతలు సరిచేద్దాం. కరెంటు మెయిన్ కట్టేయడం, గేటు వాల్వు తిప్పడం మళ్లీ చెప్పను.

పగలనిది ఏది?

మనవైపు పాత ఇళ్లలో టైలు ఏడడుగుల దాకా వేసి, పైన రంగేసి వదిలేస్తారు. స్లాబు తొమ్మిదిన్నర, పదడుగుల ఎత్తులో ఉంటుంది. పైన మిగిలిన ఆ రెండున్నర, మూడడుగుల ప్లాస్టరింగు జోలికి ఎవరూ పోరు. మీ కొలతలకి ఆధారం అదే. రెండో ఆధారం గుమ్మం బయట హాలు గోడ. టైలు స్లాబు దాకా ఉన్నవాళ్లు స్లాబు అడుగునే గుర్తులు పెట్టుకోవాలి.

కమోడ్ ఎత్తేశాక, టైలు మీద మొదటి దెబ్బ పడకముందు, ఈ రెంటికీ మధ్య గంటసేపు పని ఆపండి. నేలలో నాలుగంగుళాల పైపు నోరు కనబడుతుంది. చీపురులోంచి రెండు కొబ్బరి ఈనెలు తీసి నోటికి అడ్డంగా, కూడిక గుర్తులా పెట్టండి. అవి కలిసిన చోటే పైపు మధ్య. ఇప్పుడు టైలు పైన ప్లాస్టరింగులో వెనక గోడకొకటి, ఎదుటి గోడకొకటి, పక్క గోడలకి చెరొకటి, మొత్తం నాలుగు స్క్రూలు బిగించాలి. మేకులు వద్దు. పాత సున్నం ప్లాస్టరింగులో మేకు రెండు రోజులకే ఊగుతుంది. 6 మి.మీ. రంధ్రం వేసి, ప్లగ్ పెట్టి, స్క్రూ ఎక్కించండి. ఎదురెదురు స్క్రూలకి లైను దారం లాగి కడితే రెండు దారాలు ఒకచోట దాటుకుంటాయి. అక్కణ్ణుంచి తూకం గుండు వేలాడదీస్తే దాని మొన ఈనెల కూడలి మీదికి రావాలి. మొదటిసారి రాదు. ముందు దారాన్ని చేత్తో పట్టి సర్దుకుని, మొన కుదిరాక స్క్రూ చోటు గుర్తు పెట్టుకుంటే గోడ చిల్లులు పడదు.

దారం స్క్రూకి ఏ పక్క నుంచి వెళ్లిందో రాసుకోండి. ఈరోజు కుడి పక్క, పగలగొట్టాక ఎడమ పక్క కడితే స్క్రూ లావంత తేడా వస్తుంది. దారం విప్పేయండి, స్క్రూలు మాత్రం ఉంచండి. వాటి చుట్టూ ఎర్ర పెయింటుతో సున్నా చుట్టకపోతే ఏ కూలీయో లుంగీ తగిలించుకుంటాడు.

ఇదే పద్ధతిలో నాని ట్రాప్‌కి ఇంకో జత. ట్రాప్ చోటు మార్చుకునేవాళ్లకి అది అక్కర్లేదు.

ఎత్తుల సంగతి వేరు. మేస్త్రీలు లెవెల్ పైపు అనే సన్నటి తెల్ల గొట్టంలో బుడగ లేకుండా నీళ్లు నింపి, గుమ్మం బయట హాలు నేల నుంచి సరిగ్గా 1000 మి.మీ. ఎత్తున గీత గీయండి. ఆ మట్టాన్ని గొట్టంతో లోపలికి పట్టుకెళ్లి, లోపల ప్రతి ఎత్తూ ఆ గీత నుంచి కిందికే కొలవండి. ఉదాహరణకి గుమ్మం లోపల బాత్రూము నేల 1025, నాని ట్రాప్ జాలీ దగ్గర 1050 వచ్చిందనుకోండి. హాలు కన్నా గుమ్మం దగ్గర పాతిక మిల్లీమీటర్ల పల్లం, అక్కణ్ణుంచి ట్రాప్ దాకా ఇంకో పాతిక. కొత్త టైలు పడ్డాక కూడా ఈ రెండంకెలూ రావాలి. గుమ్మం దగ్గర 1005 వచ్చిందంటే బకెట్టు పొర్లిన రోజు నీళ్లు హాల్లోకొస్తాయి. టైల్సు వేసే మేస్త్రీ "చూసుకుంటాలెండి" అంటాడు. గీత చూపించి చూసుకోమనండి.

ఆ 300 గొడవ

విసుక్కోకండి, ఇది మాత్రం సాగదీస్తాను. పగలగొట్టే పనుల్లో ఎక్కువ డబ్బు ఇక్కడే తగలబడుతుంది.

నేలలోకి దిగే రకం కమోడ్లు మన షాపుల్లో ఎక్కువగా 9 అంగుళాలు, 12 అంగుళాలు అని దొరుకుతాయి. అంటే పైపు మధ్య నుంచి గోడకి 225, 300 మి.మీ. ఏ గోడకి? పని పూర్తయ్యాక కనబడే టైలు ముఖానికి. ఇటుకకి కాదు, ప్లాస్టరింగుకి కాదు.

మీ పాత టైలు 8 మి.మీ., వెనక సిమెంటు మాలు 27. మొత్తం 35 ఊడింది. నిన్న టైలు నుంచి 300 ఉన్న పైపు ఇవాళ ఇటుక నుంచి 335 చూపిస్తుంది. ప్లంబరు టేపు పెట్టి "పన్నెండు ఉండాల్సింది పదమూడు దాటింది, పైపు వెనక్కి జరపాలి" అంటాడు. జరిపి ఇటుక నుంచి 300 చేస్తాడు. తర్వాత ప్లాస్టరింగు 15, అంటించే గమ్ము 5, కొత్త టైలు 10, కలిపి 30 ముందుకొస్తుంది. మిగిలింది 270. కమోడ్ తెచ్చి కూర్చోబెడితే వెనక ట్యాంకు గోడకి కొట్టుకుంటుంది. అసలు ముట్టుకోకుండా వదిలేసి ఉంటే 305. కమోడ్ హాయిగా కూర్చునేది.

దీనికి మందుగా వంకర కనెక్టర్లు అమ్ముతారు. నాకు నచ్చవు. దారి ఎంత వంకర తిరిగితే అంత అడ్డుపడుతుంది.

గోడలోకి పోయే రకం కమోడ్‌కైతే ఎత్తు ముఖ్యం. అదీ కొత్త నేల నుంచే, అంటే మీ 1000 గీత మీంచే లెక్క. షవరుకీ కొళాయికీ నీళ్లు మళ్లించే, గోడలో దాచే డైవర్టర్‌కి ప్లాస్టిక్ తొడుగు మీద ఎంత లోతులో ఉండాలో గీతలుంటాయి, టైలు ముఖం ఆ గీతల మధ్యకి రావాలి. వాల్ మిక్సర్‌కి వేడి, చన్నీళ్ల నోళ్ల మధ్య దూరం 150 మి.మీ. అంతే.

నోళ్లకి మూతలు

గుండు పని అయ్యాక మొదట చేయాల్సింది నోళ్లు మూయడం. చాలామంది పాత గుడ్డ కుక్కుతారు. మొదటి పెచ్చు పడగానే గుడ్డ లోపలికి జారుతుంది, దాని వెంబడే సిమెంటు ముక్కలు. మలుపులో ఇరుక్కున్న ఆ ఉండ బయటపడేది కొత్త టైల్సు వేశాక, మొదటి ఫ్లష్ కొట్టినప్పుడే.

పైపు నేల మీదికి పొడుచుకొచ్చి ఉంటే 110 మి.మీ. పీవీసీ ఎండ్ క్యాప్ తొడగండి, గమ్ము పెట్టొద్దు. నేలకి సమంగా ఉంటే గోనెపట్టాని పైపులో బిగుతుగా పట్టేంత ఉండ చుట్టి, కొబ్బరి తాడుతో కట్టి, తాడు రెండో కొసని నోటికన్నా పొడుగైన కర్రముక్కకి ముడేయండి. కర్ర అడ్డంగా ఉన్నంతసేపు ఉండ లోపలికి పోలేదు. పైన మందపాటి పాలిథిన్, దాని మీద ప్లైవుడ్ ముక్క. కమోడ్ తీశాక పైకొచ్చే గ్యాసుకి కూడా ఇదే అడ్డు. నాని ట్రాప్‌కీ జాలీ తీసి ఇదే పని. పెరట్లో ఆ పైపు తేలే ఛాంబరు మూత తీసి పైపు నోటికి ఓ ఇటుక దూరంలో జాలీ పెట్టుకుంటే ఏదైనా జారినా అక్కడ దొరుకుతుంది.

గీజరు మర్చిపోయేవాళ్ల కోసం ఒక మాట. 15 లీటర్ల గీజరులో 15 కిలోల నీళ్లుంటాయి. వాల్వు కట్టేసినా అవి అందులోనే ఉంటాయి. కరెంటు తీసి, చల్లారనిచ్చి, వేడినీళ్ల కొళాయి తెరిచి ఉంచి, అప్పుడు చన్నీళ్లు వచ్చే పైపు విప్పితే కిందికి దిగుతాయి. కొళాయి తెరవకపోతే గాలి అందక చుక్కచుక్కగా కారి, ఖాళీ అయిందనిపిస్తుంది. మోసం.

నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది వైపు ఉప్పునీటి బోర్లున్న ఇళ్లలో గోడలో పాత ఇనప పైపులుంటే, గోడకి బిగించే చిన్న కొళాయిని, అదే యాంగిల్ కాక్‌ని పట్టకారుతో తిప్పకండి. పైన తిరుగుతుంది, లోపల మరలు తుప్పుతో ముక్కలై గోడలోనే ఉండిపోతాయి. ముందు చుట్టూ నాలుగంగుళాలు ఉలితో తవ్వి, పైపు మలుపు ముక్కని (ఎల్బో) ఒక రెంచితో పట్టుకుని, కాక్‌ని రెండోదానితో తిప్పాలి. పైపుల్ని సీపీవీసీ ప్లాస్టిక్‌కి మార్చేస్తున్నవాళ్లు ఇంత కష్టపడకుండా ట్యాంకు లైను పైనే కోసి మూతేసుకోండి.

రబ్బిష్ లెక్క

5 × 7 అడుగుల గది. చుట్టుకొలత 24, ఎత్తు 7, అంటే 168 చదరపుటడుగులు. గుమ్మం తీసేస్తే 150. మందం 35 మి.మీ. అయితే 17 ఘనపుటడుగులు. నేల 35 చదరపుటడుగులు, మూడంగుళాలు, ఇంకో 9. మొత్తం 26. బరువు టన్నున్నర పైమాటే. పగిలాక ఒకటిన్నర రెట్లు ఉబ్బి 40 ఘనపుటడుగులవుతుంది. ఖాళీ సిమెంటు సంచిలో 30 కిలోల చొప్పున 50 సంచులు. బాత్రూము కింద స్లాబుని అడుగు లోతు దింపి వేసిన పల్లం స్లాబు ఉండి, అందులో నింపిన ఇటుక ముక్కలు కూడా తీసేస్తే ఇంకో 50. వంద ఘనపుటడుగుల ట్రాక్టరు తొట్టి అయితే ఒక ట్రిప్పు.

పల్లం స్లాబులో నింపింది తియ్యాలా వద్దా అన్నది తేలాలంటే ముందు నాని ట్రాప్ పక్కన అడుగు చదరం గుంట తవ్వి చూడండి. ఇటుక ముక్కలు తడిగా, నల్లగా ఉంటే మొత్తం తియ్యాల్సిందే.

మేడ మీద బాత్రూమైతే పెచ్చుల్ని పక్క గదిలో కుప్ప పోయకండి. ఇళ్ల స్లాబులకి లెక్కలో పట్టే వాడుక బరువు చదరపు మీటరుకి 200 కిలోలు. అరడుగు ఎత్తు రబ్బిష్ అంత బరువు తూగుతుంది. నడుముదాకా పోస్తే ఎంతో మీరే లెక్కేసుకోండి.

బయటికి పోయాక దానికి గిరాకీ ఉంటుంది. నల్లమట్టి ఊళ్లలో పల్లపు స్థలం మెరక చేసుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇటుక, మాలు ఇవ్వండి. టైలు పెంకులు, కమోడ్ ముక్కలు వేరే సంచుల్లో కట్టి, అడుగున పడేలా పూడ్పించండి. పైన పడితే మనుషుల కాళ్లూ గేదెల గిట్టలూ తెగుతాయి. కాలవ గట్టు మీద, పంట బోదెలో పోయడం 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే తప్పన్నారు. అది అలా ఉంచి, ఆ బోదె వర్షాలకి పొంగితే మునిగేది మన వీధే.

ఎప్పుడు మొదలెట్టాలి

కింది అంతస్తు బాత్రూములకి నా ఓటు వేసవికే. ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్లు కట్టేసిన రోజుల్లో, సాధారణంగా ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మొదలు దాకా, భూమిలో నీళ్లు కిందికి దిగి ఉంటాయి. శ్రావణంలో సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకక పైపు నోటిదాకా నిలబడతాయి. అప్పుడు కమోడ్ ఎత్తితే ఆ నీళ్లు గదిలోకే. ట్యాంకు నిండుగా ఉంటే ముందే టాంకరు పిలవండి. మనిషిని లోపలికి దింపొద్దు, రక్షణ సామగ్రి లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, పైగా లోపలి గ్యాసు ప్రాణం తీస్తుంది.

పనిముట్లు

తొమ్మిదంగుళాల గోడకి చిప్పింగ్ మిషను పెట్టుకోండి. నాలుగున్నర గోడకి మాత్రం రెండు పౌన్ల సుత్తీ, ఉలీ. మిషను అదురుకి అవతల వంటగది టైల్సు పుచ్చిపోతాయి. గోడ తడిపి కొట్టండి, మాస్కు పెట్టుకోండి. పైనుంచి కిందికి కొట్టాలి. గాలిగొట్టం పాత సిమెంటు రేకు రకమైతే కోయకుండా తడిపి పూర్తిగా దింపండి, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

అభ్యాసం

ఒకటి: దారాలు కట్టి కమోడ్ నోరు, ట్రాప్ మధ్య, రెండూ గుండుతో పట్టుకుని, దారాలు విప్పేయండి. మర్నాడు మీ నోటు పుస్తకం చూడని ఇంకొకరి చేత మళ్లీ కట్టించండి. 3 మి.మీ. దాటి తేడా వస్తే స్క్రూలు వదులుగా ఉన్నట్టే, మొత్తం మళ్లీ చేయండి. తేడా రాకుండా వరసగా మూడుసార్లు కుదిరితేనే సుత్తి పట్టాలి.

రెండు, మేడ మీద ఉన్నవాళ్లకే: సంచిలో 30 కిలోల ఇసక నింపి, మెట్లు దించి, రోడ్డు దాకా మోసి, వెనక్కి రండి. గడియారం చూసుకోండి. నాలుగు నిమిషాలు పట్టిందనుకుంటే వంద సంచులకి 400 నిమిషాలు, అంటే ఒక కూలీకి ఒక పూర్తి రోజు మోతకే పోతుంది. ఇద్దర్ని అదనంగా మాట్లాడుకుని, ట్రాక్టరుని సాయంత్రం నాలుక్కి రమ్మనండి.