అంటార్కిటికా మంచును గొయ్యి తవ్వి కొలిచే పద్ధతి

తవ్విన గొయ్యి గోడకు ఎండా గాలీ తగిలిన దగ్గర్నుంచే మంచు మారిపోతుంటుంది, అందుకే అంటార్కిటికాలో ఏ పరికరం వాడుతున్నారన్న దానికంటే ఏ కొలత ముందు తీస్తున్నారన్నదే ముఖ్యం. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించకుండా చుట్టూ తిరుగుతుంటాడు, కాబట్టి రాబోయే రెండు గంటలు ఏ గోడ నీడలో ఉంటుందో చూసుకుని మీటరు లోతు తవ్వండి. ఆ గోడ పైఅంచు మీద కాలు పెట్టొద్దు, తవ్విన మంచు అటువైపు వేయొద్దు.

మొదట ఉష్ణోగ్రత. థర్మామీటర్‌ను ముందే ఐసుముక్కలు కలిపిన నీళ్లలో పెట్టి సున్నా చూపిస్తుందో లేదో సరిచూసుకోండి, తేడా ఉంటే రాసుకోండి. పది సెంటీమీటర్లకో రీడింగ్ చాలు, పైపొర దగ్గర మాత్రం పార అడ్డం పెట్టి నీడ చేయాలి, లేకపోతే మంచుది కాకుండా ఎండకు కాగిన థర్మామీటర్ లోహం వేడి చదువుతారు.

తర్వాత పొరలు. పిడికిలి, నాలుగు వేళ్లు, ఒక వేలు, పెన్సిల్, కత్తి, ఈ వరుసలో మెల్లగా నొక్కి చూస్తే ఏది మొదట దిగుతుందో అదే ఆ పొర గట్టితనం. రేణువుల్ని మిల్లీమీటరు గళ్లున్న చల్లని కార్డు మీదికి గీకి లెన్సుతో చూడండి, ఊపిరి తగలనివ్వకండి.

అసలు ఓపిక కావాల్సింది సాంద్రత దగ్గరే. వంద ఘనసెంటీమీటర్ల కట్టర్‌ని, అంటే మంచును కోసి తీసే లోహపు డబ్బాని, బయటే ఉంచి బాగా చల్లబడనిచ్చి, పొరకు సమాంతరంగా గుచ్చి, అంచులు చదును చేసి తూకం వేయండి. కట్టర్ బరువు తీసేశాక 35 గ్రాములు వస్తే సాంద్రత ఘనమీటరుకు 350 కిలోలు. లోపల అంటుకున్న మంచు లెక్కలోకి రాకుండా ప్రతిసారీ ఖాళీ బరువు చూసుకోవాలి. అడుగున పంచదారలా జారిపోయే పెద్ద రేణువుల పొర వస్తే ముందు కింద రేకు దూర్చి, ఆ తర్వాతే కట్టర్ దింపండి. ఒక్కో పొరలో రెండుసార్లు తీయండి, పదిశాతం మించి తేడా వస్తే మూడోసారి తప్పదు. కట్టర్ పట్టనంత సన్నని ఐసు పొరను సగటులో కలిపేయకుండా దాని మందం విడిగా రాయండి.

ఈ చాదస్తం ఎందుకంటే, రాడార్, లేజర్‌లతో కొలిచే ఉపగ్రహాలు మంచు ఎత్తునే చెబుతాయి, ఆ ఎత్తును బరువుగా మార్చడానికి సాంద్రత కావాలి. 2013లో శ్రీహరికోట నుంచి వెళ్లిన, రాడార్‌తో ఎత్తులు కొలిచే సరళ్ లాంటి ఉపగ్రహం తరంగం మంచులోకి ఎంత దూరం చొచ్చుకుపోతుందన్నది కూడా ఈ రేణువుల సైజు, సాంద్రతల మీద ఆధారపడుతుంది.

రాతకు పెన్సిలే వాడండి, చలికి పెన్ను ఇంకు గడ్డకడుతుంది. బయల్దేరే ముందు గొయ్యి పూడ్చి జెండా పాతండి, ఎందుకంటే గాలికి కొట్టుకొచ్చిన మంచు పైన పలచగా కప్పేస్తే వెనక వచ్చేవాళ్లకు అది కనిపించదు.