గ్రూపు పెట్టారు, ఎవరూ మాట్లాడటం లేదా? సోషల్ యాంగ్జైటీ సహాయక గ్రూపులకు సమస్య - పరిష్కారం

సోషల్ యాంగ్జైటీ ఉన్నవాళ్లు ఒకరికొకరు తోడుగా ఉండే ఆన్‌లైన్ గ్రూపు పెట్టడానికి పది నిమిషాలు చాలు. దాన్ని మూడు నెలలు బతికించడమే కష్టం. నలుగురిలో నోరు విప్పాలంటే గుండె దడదడలాడేవాళ్లందరినీ ఒకచోట చేర్చి మాట్లాడమంటున్నాం. అందుకే మామూలు గ్రూపుల్లో నడిచే పద్ధతులు ఇక్కడ బెడిసికొడతాయి. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, వాటి వెనకున్న కారణాలు, చేయాల్సిన పనులు ఇవీ.

ముందుగా ఒక హద్దు గీసుకోవాలి. ఇది చికిత్స కాదు. భయం ఆరు నెలలకు మించి ఉండి చదువును, ఉద్యోగాన్ని, పెళ్లి ప్రయత్నాలను ఆపేస్తుంటే సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవాలి. చికిత్సకు వెళ్లే ధైర్యం ఇవ్వడానికి, వెళ్తున్నప్పుడు తోడుండటానికి గ్రూపు పనికొస్తుంది. ఈ మాట గ్రూపు వివరణలో మొదటి వాక్యంగా రాయండి.

సమస్య: ఆసక్తి ఉందంటారు, లింకు ఇస్తే చేరరు

కారణం: చాలామంది మొదట వాట్సాప్ గ్రూపే పెడతారు. అందులో చేరగానే ఫోన్ నంబరు మిగతావాళ్లకు తెలిసిపోతుంది, డీపీ పెట్టుకుంటే మొహం కూడా. పక్కవీధి అబ్బాయో ఆఫీసు సహోద్యోగో అందులో ఉంటే ఎలా అన్న భయం చేరేవాళ్లను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. గ్రూపు పేరులో 'యాంగ్జైటీ' అని ఉంటే ఇంట్లోవాళ్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడు అదీ కనబడుతుంది.

పరిష్కారం: టెలిగ్రామ్‌కు మారండి. చేరేవాళ్లకు ఈ క్రమం ముందే పంపండి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీకి వెళ్లి, ఫోన్ నంబర్ దగ్గర 'నోబడీ' పెట్టాలి. దాని కిందే, నంబరుతో తమను ఎవరు వెతకగలరన్న చోట 'మై కాంటాక్ట్స్' పెట్టాలి. కాంటాక్ట్స్ సింక్ ఆపేయాలి. ఫొటో తీసేసి, నచ్చిన మారుపేరు పెట్టుకోవాలి. ఇదంతా అయ్యాకే లింకు ఇవ్వండి. అడ్మిన్ ఒప్పుకుంటేనే లోపలికి రాగలిగే రకం లింకు తయారు చేయండి. లేదంటే అది ఎక్కడెక్కడో తిరిగి అపరిచితులు వచ్చిపడతారు. గ్రూపు పేరు 'శనివారం సాయంత్రం' లాంటిదైతే ఎవరి కంటా పడదు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను తీసుకోకండి. వాళ్లకు పెద్దల పర్యవేక్షణ ఉన్న చోటు కావాలి.

సమస్య: ముప్పై మంది ఉన్నారు, ఒక్కరూ రాయరు

కారణం ఆసక్తి లేకపోవడం కాదు. వాళ్లలో చాలామంది ప్రతి మెసేజూ చదువుతుంటారు, నాలుగు వాక్యాలు టైపు చేసి, తప్పుగా అనుకుంటారేమోనని చెరిపేస్తుంటారు. 'అందరూ పరిచయం చేసుకోండి' అన్న అడ్మిన్ మెసేజు ఈ నిశ్శబ్దాన్ని ఇంకా పెంచుతుంది. పరిచయం చేసుకోవడమంటేనే వాళ్లకు పెద్ద భయం. పైగా ముప్పై మంది అంటే ఒక తరగతి గది. మొదట ఎనిమిది నుంచి పన్నెండు మందితో మొదలుపెట్టండి.

పరిష్కారం: నోరు విప్పడానికి మెట్లు వేయండి. మొదటి వారం పోల్ మాత్రమే: 'ఈ వారం ఎక్కువ ఇబ్బంది పెట్టినది ఏది? ఫోన్ కాల్, ఆఫీసు మీటింగు, చుట్టాలింట్లో ఫంక్షన్, కొత్తవాళ్లు'. ఎవరు దేనికి ఓటేశారో కనిపించకుండా అజ్ఞాత పోల్ పెట్టండి. రెండో వారం ఒక అంకె: 'ఈరోజు కంగారు 0 నుంచి 10లో ఎంత?' మూడో వారం ఒక్క వాక్యంతో పూర్తయ్యే ప్రశ్న. తెలిసి తెలిసి 'మీ గురించి చెప్పండి' లాంటి విశాలమైన ప్రశ్నలు వేయకండి.

మొదటిసారి రాసినవాళ్లకు గంటలోపు జవాబు రావాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. జవాబు లేని మెసేజును వాళ్లు 'నేను రాయకుండా ఉండాల్సింది' అని అర్థం చేసుకుంటారు, మళ్లీ రాయరు. అందుకే మొదటి నెల ఇద్దరు నిర్వాహకులు వంతులు వేసుకోవాలి. జవాబు పొడుగ్గా ఉండక్కర్లేదు. రాసినదాంట్లోని ఒక్క విషయాన్ని పట్టుకుని, 'బస్సులో స్టాపు చెప్పలేక తర్వాతి స్టాపులో దిగారు కదా, అది నాకూ తెలిసిన బాధే' అంటే చాలు.

భాష గురించి ఒక నియమం రాసిపెట్టండి: ఎవరి యాసనూ, అక్షర దోషాన్నీ, ఇంగ్లిషునూ ఎవరూ దిద్దకూడదు, సరదాకైనా అనుకరించకూడదు. కాలేజీలోనో ఆఫీసులోనో తమ శ్రీకాకుళం మాటకో పాలమూరు మాటకో నవ్వులపాలై వచ్చినవాళ్లు గ్రూపులో కచ్చితంగా ఉంటారు. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసినా సరే.

సమస్య: వీడియో మీటింగుకు వస్తారు, ఐదు నిమిషాల్లో వెళ్లిపోతారు

కారణాలు మూడు. తెర మీద తమ మొహం తామే చూసుకుంటూ ఉండటం మొదటిది. 1995లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ సోషల్ యాంగ్జైటీకి ఇచ్చిన వివరణలో ఇదే కీలకం: ఈ భయంలో దృష్టి ఎదుటివాళ్ల మీద నుంచి తన మీదకు తిరుగుతుంది, తాను ఎలా కనబడుతున్నానన్న ఊహే నిజమని అనిపిస్తుంది. రెండోది వరసగా మాట్లాడించడం. తన వంతుకు ఇంకా నలుగురున్నారని లెక్కపెట్టుకునే మనిషికి ఆ నలుగురి మాటల్లో ఒక్కటీ చెవికెక్కదు, వంతు రాకముందే వెళ్లిపోతారు. మూడోది, తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడం.

పరిష్కారం: మొదటి నాలుగు మీటింగులు కెమెరాలు లేకుండా పెట్టండి. జూమ్‌లో ఉచిత ఖాతాకు 40 నిమిషాల పరిమితి ఉంటుంది. ఈ పనికి అది సరిపోతుంది, ఎప్పుడు ముగుస్తుందో తెలియడం మంచిది కూడా. గూగుల్ మీట్‌లో లాగిన్ అయినవాళ్ల ఖాతా పేరే కనబడుతుంది కనుక మారుపేర్లకు అది కుదరదు. జూమ్‌లోనూ ఒక చిక్కుంది. కెమెరా ఆపినా ప్రొఫైల్ ఫొటో కనిపిస్తుంది. ఖాతా నుంచి సైన్ అవుట్ అయి, పేరు అడిగిన చోట మారుపేరు కొట్టి రమ్మనండి. మీ వైపు వెయిటింగ్ రూమ్ (మీరు ఒప్పుకునేదాకా బయట ఆగే చోటు), వచ్చేటప్పుడే మ్యూట్ పెట్టండి. చాట్ అందరికీ కనిపించేలా మాత్రమే ఉంచి, సభ్యుల మధ్య విడి చాట్ ఆపండి. కెమెరాల దశ వచ్చాక, తమ మొహం తమకు కనబడకుండా చేసే 'హైడ్ సెల్ఫ్ వ్యూ' ఎలా నొక్కాలో చూపించండి.

40 నిమిషాల పంపకం ముందురోజే పంపండి: నియమాలకు 4, చాట్‌లో అంకె రాయడానికి 4, ఒక అంశం మీద మాటలకు 20, వచ్చే వారం చేయబోయే పని రాయడానికి 8, ముగింపుకు 4. మాట్లాడాలనుకున్నవాళ్లు చాట్‌లో '1' కొడతారు, పేరు పెట్టి ఎవరినీ పిలవరు. చాట్‌లో రాసిన మాటను నిర్వాహకులు చదివి వినిపిస్తారు. విదేశాల్లో ఉన్నవాళ్లూ వస్తే మన శనివారం రాత్రి 8 కుదురుతుంది. అప్పుడు న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 10:30, చలికాలంలో 9:30.

సమస్య: ఒకరిద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లకు సలహాలిస్తారు

కంగారులో మాట ఆపలేకపోవడం కూడా ఈ భయంలో ఒక రూపమే, కాబట్టి గద్దించవద్దు. మనిషికి మూడు నిమిషాలని టైమరు పెట్టి, రెండున్నర దగ్గర చాట్‌లో చెప్పండి. సలహా ఇచ్చేముందు 'వినమంటారా, ఏమైనా చెప్పమంటారా?' అని అడగడం నియమం చేయండి. 'ధైర్యంగా ఉండు', 'అందరూ నీలాంటివాళ్లే' లాంటి మాటలు ఇంట్లో విని విని విసిగినవే.

సమస్య: గ్రూపు హాయిగా ఉంది, కానీ ఎవరి జీవితమూ మారడం లేదు

బయటికి కనిపించని లోపం ఇది, అందుకే ఎక్కువ ప్రమాదకరం. సభ్యులు రోజూ వస్తారు, ఓదార్చుకుంటారు, అదే సమయంలో ఫోన్లు ఎత్తడం, ఫంక్షన్లకు వెళ్లడం ఇంకా తగ్గిస్తారు. తప్పించుకున్న ప్రతిసారీ క్షణం ఊరట దొరుకుతుంది, ఆ ఊరటే భయాన్ని నిలబెడుతుంది. 'పెళ్లికి వెళ్లలేదు' అన్న మెసేజుకు పదిహేను హృదయాలు వచ్చి పడితే గ్రూపు తెలియకుండానే తప్పించుకోవడాన్ని మెచ్చుకుంటున్నట్టు.

పరిష్కారం: ప్రతి సభ్యుడూ వారానికి ఒక చిన్న పని ఎంచుకోవాలి. తమకు భయం పుట్టించే పది సందర్భాలు రాసుకుని, ఒక్కోదానికి 0 నుంచి 100 వరకు అంకె వేయాలి. 30, 40 మధ్య ఉన్నదానితో మొదలుపెట్టాలి. ఒకరి పట్టిక ఇలా ఉండొచ్చు: కిరాణా కొట్టులో ధర అడిగి కొనకుండా రావడం 30, ఆర్టీసీ కండక్టరును చిల్లర అడగడం 35, గ్యాస్ ఏజెన్సీకి ఫోన్ చేయడం 45, పెళ్లిలో 'ఇప్పుడేం చేస్తున్నావ్?' అన్న పెద్దమ్మకు జవాబు చెప్పడం 70, ఆఫీసు మీటింగులో సందేహం అడగడం 80.

పనికి ముందు మూడు మాటలు రాయాలి: ఏం జరుగుతుందని భయం, అది జరుగుతుందని ఎంత శాతం నమ్మకం, దాన్ని ఆపడానికి ఏం చేయాలనిపిస్తోంది. కళ్లు తిప్పుకోవడం, వాక్యాన్ని మనసులో పదిసార్లు అనుకోవడం, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం లాంటి రక్షణ అలవాట్లు మూడో ప్రశ్నకు జవాబులు. వాటిలో ఒక్కదాన్ని వదిలి పని చేయాలి. పూర్తయ్యాక నిజంగా ఏం జరిగిందో రాయాలి. 'కండక్టరు కసురుకుంటాడు, 80 శాతం' అని రాసినవాళ్లు 'చిల్లర ఇచ్చి వెళ్లిపోయాడు' అని రాసినప్పుడు ఆ తేడా గ్రూపులో అందరికీ ఉపయోగపడుతుంది. కసురుకున్నా విలువైనదే: కసురు విన్నాక ఎంతసేపు బాధ ఉంది, ఆ తర్వాత ఏమైంది అని అడగండి. చేయలేకపోయినవాళ్లకు పని సగానికి తగ్గించండి, మందలించకండి. ఆ రాత్రంతా జరిగినదాన్ని నెమరేసుకునే అలవాటుకు ఒక హద్దు: గ్రూపులో ఒక్కసారి రాయడం, తర్వాత దాని గురించి మళ్లీ అడగకపోవడం.

సమస్య: మాత్రల పేర్లు పంచుకుంటున్నారు

ఇంటర్వ్యూకి ముందు వేసుకోమని ప్రొప్రనలాల్, క్లోనజిపామ్ పేర్లు వస్తుంటాయి. మొదటిది ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరాడకుండా చేయొచ్చు, రెండోది అలవాటైపోతుంది. మందు పేరు, మోతాదు ఉన్న మెసేజు వెంటనే తీసేసి, రాసినవాళ్లకు విడిగా కారణం చెప్పండి. 'డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏం అడగాలి?' అనే చర్చను మాత్రం ప్రోత్సహించండి.

సమస్య: విడిగా మెసేజులు వస్తున్నాయని ఆడవాళ్లు వెళ్లిపోతున్నారు

గ్రూపులో అడిగి, ఒప్పుకున్నాకే విడి మెసేజు. మొదటి ఉల్లంఘనకే తొలగింపు. ఫిర్యాదు చేసినవాళ్ల పేరు బయటపెట్టవద్దు. ఇద్దరు నిర్వాహకుల్లో ఒకరు మహిళ అయితే ఫిర్యాదు చేయడం తేలికవుతుంది.

సమస్య: ఒకరు చనిపోవాలనుందని రాశారు

దీన్ని మొదటి రోజే రాసి పెట్టుకోవాలి. ఆ రాత్రి ఆలోచించే తీరిక ఉండదు. నిర్వాహకులు వెంటనే విడిగా మాట్లాడాలి, సూటిగా అడగాలి: 'చనిపోవాలని అనిపిస్తోందా? ఎలాగో అనుకున్నారా? ఇప్పుడు దగ్గర ఎవరున్నారు?' అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. టెలి మానస్ 14416 కేంద్ర ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, 2022 అక్టోబరులో మొదలైంది, 24 గంటలూ తెలుగులోనూ పలుకుతుంది. ప్రాణాపాయం కనబడితే 112. అమెరికాలో ఉంటే 988.

ఇక్కడ ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది: ఫోన్ చేయడానికే భయపడే మనిషికి ఫోన్ నంబరు ఇస్తున్నాం. అందుకే చదవడానికి మాటలు కూడా రాసి ఇవ్వండి: 'నా పేరు చెప్పాలని లేదు. నాకు చనిపోవాలనిపిస్తోంది. మీరే ప్రశ్నలు అడగండి.' ఫోన్ చేసేంతవరకు చాట్‌లో ఉండండి, కావాలంటే కాన్ఫరెన్స్ కాల్‌లో పక్కనే ఉండండి. మారుపేర్ల గ్రూపు కాబట్టి, చేరేటప్పుడే ప్రతి ఒక్కరూ తమ ఊరు, అత్యవసరంలో పిలవాల్సిన ఒక నంబరు నిర్వాహకులిద్దరికీ మాత్రమే ఇవ్వాలి. ఎందుకు అడుగుతున్నారో అప్పుడే చెప్పండి.

సమస్య: నిర్వాహకులు అలసిపోతున్నారు

రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు గ్రూపులో రాయడం మూసేయండి, ఆ గంటల్లో 14416 ఉన్న మెసేజు పైన పిన్ చేసి ఉంచండి. మీటింగు అయ్యాక ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకోవాలి. మూడు నెలలు దాటిన సభ్యుల్లో ఒకరికి నియమాలు చదివే 4 నిమిషాలు అప్పగించండి, వాళ్ల పట్టికలో అది ఒక మెట్టు కూడా అవుతుంది.

సమస్య: బాగా మాట్లాడేవాళ్లు గ్రూపు మానేస్తున్నారు

చాలాసార్లు ఇది లోపం కాదు. బయట మాట్లాడగలుగుతున్న మనిషికి శనివారం వేరే పనులుంటాయి. వెళ్లేముందు ఒక వీడ్కోలు మెసేజు రాయమని అడగండి, రాయలేకపోతే వదిలేయండి. మళ్లీ అవసరమైతే నేరుగా రావచ్చని చెప్పి, వాళ్ల చోటులో నిరీక్షణ జాబితా నుంచి ఒకరిని పిలవండి.