పాత గోడకి చెమ్మెక్కితే సిమెంటు పూయించకండి

టెక్కలిలో మా తాతగారి ఇల్లు సున్నం, ఇటుకలతో కట్టింది. 2018 తిత్లీ తుపాను తర్వాత హాలు గోడకి మోకాలెత్తు చెమ్మెక్కింది. మేస్త్రి మాట విని సిమెంటు పూయించాను. రెండో వర్షాకాలానికి చెమ్మ నడుమెత్తుకి పాకింది. సిమెంటు పూత కింద తడి ఆరే దారి లేక పైకెక్కుతుంది. అప్పుడు నాకది తెలీదు, ఆ గోడని చూస్తే ఇప్పటికీ బాధే.

ముందు చెమ్మ ఎక్కడిదో తేల్చుకోండి. గోడకి జానెడు పాలిథీన్ ముక్క పెట్టి, నాలుగంచులా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. బొట్లు గోడ వైపుంటే తడి గోడలోది. గది వైపుంటే గాలిలోది, కిటికీలు తీసి ఉంచండి. చారలు పైనుంచి దిగితే పెంకులు చూసుకోండి.

నేల నుంచి ఎక్కేదైతే బయటికెళ్లి చూడండి. మా వీధిలో రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరిగి, గోడ పక్క మట్టి మా గచ్చు కంటే పైకొచ్చేసింది. దాన్ని గచ్చుకి అరడుగు కిందికి తీయించి, నీరు పెరటి వైపు పారేలా వాలు పెట్టించాను. సగం జబ్బు అక్కడే పోయింది. పునాది రాళ్లు బయటపడేలా మాత్రం తవ్వకండి.

సంక్రాంతి వెళ్లాక చెమ్మ గీతకి అడుగు పైదాకా పాత సిమెంటు పూత ఊడగొట్టించేయండి. గోడ మీద తేలిన తెల్లటి ఉప్పుని పొడి బ్రష్షుతోనే దులపండి, కడిగితే మళ్లీ గోడలోకే పోతుంది. బాగా ఆరాక ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఏటి ఇసుకతో పూయించి, కొన్నాళ్లు నీళ్లు చిలకరించండి. సున్నం కళ్లలో పడనీయకండి. పైన పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వద్దు, వెల్ల వేయండి.