మంచి వచనం మనసును తాకేలా చదవడం

కథ తెలుసుకోవడానికి సరిపోయే వేగం వాక్యాన్ని అనుభవించడానికి సరిపోదు. కళ్లు పంక్తుల మీద ఎంత వేగంగానైనా పరుగెత్తగలవు గాని, విరుపూ ఊపూ అక్షరాల పొందికా చెవికే అందుతాయి. అందువల్ల మొదటి నాలుగైదు పేజీలను పైకి చదవండి. రచన ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో పట్టుబడిన తరువాత, మౌనంగా చదివినా ఆ లయ లోపల వినిపిస్తూనే ఉంటుంది.

చదువుతుండగా గొంతు పూడుకుపోయినా, ఒళ్లు జలదరించినా సిగ్గుపడనక్కరలేదు. నాట్యశాస్త్రం పేర్కొన్న 8 సాత్త్విక భావాలలో, అంటే మనసు కదిలినప్పుడు ఒంట్లో వాటంతటవే కనిపించే మార్పులలో, రోమాంచం, స్వరభేదం, అశ్రువు ఉన్నాయి. నటుడి అభినయం కోసం చెప్పినవే అయినా అవి పాఠకుడికీ వర్తిస్తాయి. ఆ క్షణంలో పేజీ తిప్పకండి. ఆ వాక్యాన్ని ఫొటో తీసి ఎవరికైనా పంపాలన్న తొందరను కూడా కాసేపు అణచుకోవాలి, ఎందుకంటే పంపబోతూనే మనసు అనుభవాన్ని వదిలి దానికి వ్యాఖ్య వెతకడం మొదలుపెడుతుంది.

కాస్త తేరుకున్నాక అదే వాక్యాన్ని మళ్లీ చదవండి. కన్నీరు తెప్పించిన చోట దుఃఖమన్న మాట చాలాసార్లు కనిపించదు. మరణాన్ని గురించిన పేజీలో రచయిత ఏడుపు ఊసెత్తకుండా, పోయిన మనిషి కళ్లజోడును భార్య తుడిచి పెట్టెలో పెట్టిందని మాత్రమే రాసి ఉండవచ్చు. అందులోంచి ‘తుడిచి’ని తీసేసి చదివి చూడండి: సమాచారం మిగులుతుంది, ఆమె ప్రేమ మాయమవుతుంది. చెప్పిన అర్థాన్ని దాటి ఇలా స్ఫురించేదాన్నే 9వ శతాబ్దపు కావ్యశాస్త్రకారుడు ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు, కావ్యానికి ఆత్మ అదేనన్నాడు. ఇలా విడదీసి చూస్తే అందం చెడుతుందని కొందరు భయపడతారు గాని, నా అనుభవంలో చెడేది పైపూతతో నెట్టుకొచ్చే వాక్యం మాత్రమే. అయితే ప్రతి పంక్తినీ ఇలా పరీక్షిస్తే చదువు కాస్తా వ్యాకరణపాఠమవుతుంది. అధ్యాయానికి ఒకటి చాలు.

అందరూ మెచ్చిన పుస్తకం మిమ్మల్ని కదిలించకపోతే నటించకండి. కావ్యాలను పదేపదే చదవడం వల్ల మనసనే అద్దం నిర్మలమైనవాడే సహృదయుడని, అంటే రచనకు నిజంగా స్పందించగల పాఠకుడని, ఆనందవర్ధనుడి గ్రంథానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు అన్నాడు. అంటే ఈ స్పందన అభ్యాసంతో పెరిగేదే. కొన్ని నెలలాగి, మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి, పైకి చదివి చూడండి. అప్పటికీ ఏమీ అనిపించకపోతే నిస్సంకోచంగా పక్కన పెట్టేయండి.